ఆరు నెలలు కారు బయటికి తీయం, ఇన్సూరెన్స్ ఆపేయొచ్చా?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ. అమ్మాయి పురుడుకని దంపతులిద్దరూ అక్టోబర్‌లో అమెరికా వెళ్తున్నారు, ఏప్రిల్ మధ్యలో తిరిగొస్తారు. ఏడేళ్ల నాటి 1197 సీసీ పెట్రోల్ కారు విజయవాడలో అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో కవర్ కప్పుకుని ఉంటుంది. పాలసీ డిసెంబర్ మధ్యలో అయిపోతుంది. 50 శాతం నో క్లెయిమ్ బోనస్ (ఎన్‌సీబీ, క్లెయిమ్ లేకుండా గడిచిన ఏళ్లకి ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) ఉంది. కదలని బండికి ప్రీమియం కట్టడం దండగ కదా, వచ్చేదాకా ఆపేసి వచ్చాక మళ్లీ మొదలుపెట్టొచ్చా అని అడిగారు. అమెరికాలో అలా ఆపుకోవచ్చని మీ అల్లుడుగారు చెప్పారట.

మోటార్ క్లెయిముల పనిలో చాలా ఏళ్లుగా ఉన్నాను. ముందు జవాబు చెప్పేస్తాను: మొబైల్ రీఛార్జ్ ఆపినట్టు మన దేశంలో కారు ఇన్సూరెన్స్ ఆపడం కుదరదు. కొంత భాగాన్ని తాత్కాలికంగా నిలిపే పద్ధతి ఒకటి పాలసీ నిబంధనల్లోనే ఉంది, అది చాలామందికి తెలియదు. కానీ మీరు చెప్పిన పరిస్థితిలో ఆ పద్ధతి కూడా మీకు పనికిరాదనే నా అభిప్రాయం. గడువు దాటి వదిలేయడం అయితే శుద్ధ నష్టం. ఎందుకో లెక్కతో సహా చెప్తాను.

మీ అల్లుడుగారు చెప్పింది అబద్ధమేమీ కాదు. అమెరికాలో చాలా రాష్ట్రాల్లో లయబిలిటీ (ఎదుటివాళ్లకి జరిగే నష్టానికి ఉండే కవరేజ్) తీసేసి, నిలిపి ఉంచిన బండికి దొంగతనం, అగ్ని, వడగళ్ల లాంటి వాటికి మాత్రం కవరేజ్ ఉంచుకోవచ్చు, కొన్నిచోట్ల నంబర్ ప్లేట్ అప్పగించాల్సి ఉంటుంది. బ్రిటన్‌లో అయితే బండి రోడ్డెక్కదని ప్రభుత్వానికి ముందే డిక్లరేషన్ ఇస్తే ఇన్సూరెన్స్ అక్కర్లేదు. మన దగ్గర ప్రైవేటు కారుకి అలాంటి డిక్లరేషనే లేదు. లారీల వాళ్లు ఆర్టీఏ ఆఫీసులో స్టాపేజీ (బండి తిప్పడం లేదని రాసివ్వడం) పెడతారు కదా అని కొందరు అడుగుతుంటారు. అది మూడు నెలలకోసారి కట్టే టాక్సు తప్పించుకోవడానికి. దానికీ ఇన్సూరెన్స్‌కీ సంబంధం లేదు. మీ కారుకి లైఫ్ టాక్సు కొన్నప్పుడే కట్టేశారు, కాబట్టి స్టాపేజీ మాటే రాదు.

ఇక చట్టం. మోటారు వాహనాల చట్టం 1988లో 146వ సెక్షన్ ప్రకారం, పబ్లిక్ ప్లేస్‌లో బండిని వాడాలన్నా, ఇంకొకరిని వాడనివ్వాలన్నా థర్డ్ పార్టీ పాలసీ (మీ బండి వల్ల ఎదుటివాళ్లకి జరిగే నష్టానికి కంపెనీ కట్టేది) అమల్లో ఉండాలి. లేకపోతే 196వ సెక్షన్ కింద మొదటిసారి 2,000 రూపాయలు, మళ్లీ దొరికితే 4,000 జరిమానా. మూడు నెలల దాకా జైలు కూడా వేయొచ్చు. ఇక్కడ తెలివైనవాళ్లు ఒక పాయింట్ లాగుతారు: "చట్టం వాడితే అంది, నేను వాడట్లేదుగా, అదీ నా సొంత సెల్లార్‌లో ఉందిగా?" కాగితం మీద వాదన బాగానే ఉంటుంది. కానీ వాడటం అంటే స్టీరింగ్ తిప్పడమే కాదని సుప్రీంకోర్టు 1991లోనే తేల్చేసింది. 1987లో మహారాష్ట్రలోని సతారా జిల్లాలో ఒక పెట్రోల్ ట్యాంకర్ తెల్లవారుజామున లారీని ఢీకొని హైవే పక్కన పడిపోయింది. కారుతున్న పెట్రోల్ పట్టుకోవడానికి జనం చేరారు. కొన్ని గంటల తర్వాత అది పేలింది, చాలామంది చనిపోయారు. ట్యాంకర్ అప్పటికి కదలడం లేదు, కదిలే స్థితిలోనూ లేదు. అయినా అది వాహనం వాడకంలో జరిగిన ప్రమాదమే అని కోర్టు చెప్పింది. ఆగి ఉన్న బండి వల్ల ఎవరికైనా ఏమైనా అయితే "బండి ఆగే ఉందండీ" అన్న మాట మిమ్మల్ని కాపాడదు.

పైగా జరిమానా ఇక్కడ చిన్న విషయం. థర్డ్ పార్టీ పాలసీలో మనిషి ప్రాణానికి, గాయాలకి కంపెనీ కట్టే పరిహారానికి పరిమితి లేదు, ఎదుటివాళ్ల ఆస్తి నష్టానికి ఏడున్నర లక్షల దాకా. పాలసీ లేనప్పుడు యాక్సిడెంట్ కేసుల ట్రిబ్యునల్ వేసే మొత్తం అంతా బండి ఓనరు మెడకే చుట్టుకుంటుంది. చనిపోయినాయన వయసు, జీతం, మీద ఆధారపడ్డవాళ్లని బట్టి లెక్క కడతారు. ముప్పై ఏళ్ల ఉద్యోగి అయితే ఆ అంకె ఇల్లు అమ్మినా తీరనంత ఉండొచ్చు. దానికి ఎదురుగా మీ కారుకి థర్డ్ పార్టీ ప్రీమియం ఎంతో తెలుసుగా. 2022 జూన్ 1 నుంచి అమల్లోకి వచ్చిన రేట్ల ప్రకారం 1000 సీసీ లోపు 2,094, 1000 నుంచి 1500 సీసీ దాకా 3,416, ఆ పైన 7,897 రూపాయలు, జీఎస్టీ అదనం. ఈ రేటు కంపెనీ పెట్టేది కాదు, కేంద్ర ప్రభుత్వం నోటిఫై చేసేది. ఏ కంపెనీకి వెళ్లినా ఇదే, బేరం లేదు. మీకు 3,416. జీఎస్టీ కాకుండా నెలకి మూడొందలు కూడా పడదు.

ఆరు నెలలు కారు తీయం అన్నారు కదా. బ్యాటరీ సంగతేంటి? ఇలా వెళ్లే ప్రతి ఇంట్లోనూ ఒకటే ఏర్పాటు చూస్తాను: తాళం బావమరిదికో, వాచ్‌మన్‌కో, ఎదురింటి కుర్రాడికో ఇచ్చి "వారానికోసారి స్టార్ట్ చేసి ఒక రౌండు వేయరా, బ్యాటరీ డౌన్ అయిపోతుంది" అని చెప్పి విమానం ఎక్కుతారు. ఆ రౌండే అసలు ప్రమాదం. స్టార్ట్ చేసినవాడు ఊరికే ఇంజిన్ ఆన్ చేసి కూర్చోడు. సెల్లార్ ర్యాంప్ ఎక్కించి సందు చివరిదాకా వెళ్తాడు, పనిలో పనిగా పాలు తెస్తాడు, ఇంకో వారం భార్యని బస్టాండ్‌లో దింపి వస్తాడు. అది పబ్లిక్ ప్లేస్, అది వాడకం, అనుమతి ఇచ్చింది మీరు. ఆ రౌండులో ఒక స్కూటర్ తగిలితే కేసులో ఓనరుగా పేరు మీదే. కాబట్టి ఎవరో ఒకరు బండి కదుపుతారనే పరిస్థితి ఉంటే ఇన్సూరెన్స్ ఆపే ఆలోచన అక్కడితో కట్టిపెట్టాలి. నిజంగా కదపకూడదు అనుకుంటే మెకానిక్‌ని పిలిచి బ్యాటరీ నెగెటివ్ టెర్మినల్ తీయించేయండి, తాళం బీరువాలో పెట్టించండి.

ఇప్పుడు ఆ తెలియని పద్ధతి. 2002 నాటి ఇండియన్ మోటార్ టారిఫ్ (ఐఎంటీ, అప్పట్లో అన్ని కంపెనీలూ పాటించిన రేట్లు, నిబంధనల పుస్తకం)లో ఎండార్స్‌మెంట్లకి, అంటే పాలసీకి జత చేసే అదనపు షరతులకి, నంబర్లు ఉంటాయి. పాలసీ కాగితం కింద చిన్న అక్షరాల్లో ఐఎంటీ 22, ఐఎంటీ 28 అని కనిపించేవి అవే. ఓన్ డ్యామేజ్ (మీ సొంత బండికి జరిగే నష్టానికి ఉండే కవరేజ్) ప్రీమియం రేట్లని 2007 నుంచి కంపెనీలకే వదిలేసినా పాలసీ భాష, ఈ ఎండార్స్‌మెంట్లు చాలావరకు ఆ టారిఫ్‌వే నడుస్తున్నాయి. అందులో ఐఎంటీ 11 అనేది నిలిపి ఉంచిన వాహనాల గురించి. ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ దాకా బండి గ్యారేజీలో ఉంటుంది, వాడరు అని మీరు ముందే రాసిస్తే, ఆ కాలానికి కంపెనీ బాధ్యత అంతా నిలిచిపోతుంది. మినహాయింపుగా అగ్ని, పేలుడు, పిడుగు, దొంగతనం, అల్లర్లు, సమ్మె, దుండగుల విధ్వంసం, తుఫాను, వరద, భూకంపం వల్ల మీ బండికి జరిగే నష్టానికి మాత్రం కవరేజ్ కొనసాగుతుంది. బదులుగా వాళ్లు వచ్చే రెన్యువల్ ప్రీమియంలో కొంత తగ్గిస్తారు, లేదా కొంచెం కట్టించుకుని పాలసీ గడువు పొడిగిస్తారు. చేతికి డబ్బు తిరిగి రాదు. తగ్గించేది కూడా మొత్తం కాదు. ఆ కాలానికి నడిచే ఫైర్, తెఫ్ట్ కవరేజ్ ప్రీమియం వాళ్లు ఉంచుకుంటారు. ఎన్‌సీబీని ఆ తగ్గింపు పోగా మిగిలిన ప్రీమియం మీద లెక్కిస్తారు.

వినడానికి మీ కోసమే రాసినట్టుంది కదా. కానీ ఏం నిలిచిపోతుందో కూడా చూడండి. థర్డ్ పార్టీ పూర్తిగా ఆగిపోతుంది. పైన చెప్పిన బ్యాటరీ రౌండుకి ఒక్క పైసా రక్షణ ఉండదు. మీ బండికి బయటి నుంచి ఏదైనా తగిలి జరిగే డ్యామేజీ కూడా ఆగిపోతుంది. పక్క ఫ్లాటాయన రివర్స్ చేస్తూ మీ డోర్ నొక్కేశాడు, సెల్లార్ సీలింగ్ పెచ్చు ఊడి అద్దం మీద పడింది, బయట నిలిపితే కొబ్బరికాయ బానెట్ మీద పడింది, ఇవేవీ ఆ జాబితాలో లేవు. నిలబడి ఉన్న కార్లకి నేను ఎక్కువగా చూసే దెబ్బలు ఇవే. ఇంకొకటి, బండిని కొత్త చోటికి మార్చాలన్నా, సర్వీసింగ్‌కి తీసుకెళ్లాలన్నా ముందు ఆ ఎండార్స్‌మెంట్ రద్దు చేయించుకోవాలి. మీరు అమెరికాలో ఉండి ఆ పని చేయించడం మాటలు కాదు.

ఆచరణలో ఇంకో చిక్కు. కంపెనీల యాప్‌లలో, వెబ్‌సైట్లలో ఈ ఆప్షన్ సాధారణంగా కనిపించదు. కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే అవతలి అమ్మాయికి ఐఎంటీ 11 అంటే ఏంటో తెలియకపోవచ్చు, అది ఆమె తప్పు కాదు. బ్రాంచి ఆఫీసుకి వెళ్లి అండర్‌రైటింగ్ (పాలసీ షరతులు, ప్రీమియం ఖరారు చేసే పని) చూసేవాళ్లతో మాట్లాడాలి, లేదా ఈమెయిల్ పంపాలి. అందులో పాలసీ నంబరు, బండి నంబరు, బండి ఉండే చిరునామా, ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా, ఓడోమీటర్ ఫోటో ఉండాలి. వాళ్లు ఎండార్స్‌మెంట్ కాగితం జారీ చేస్తేనే అది అమల్లోకి వచ్చినట్టు. "లెటర్ ఇచ్చాను, వాళ్లు తీసుకున్నారు" అన్నది చెల్లదు. కొన్ని ఆఫీసులు చేయం అంటాయి కూడా. పాత కార్లు రెండు మూడు ఉండి, ఒకటి నిజంగానే షెడ్‌లో కవర్ కింద ఏడాది పొడవునా పడుకునే వాళ్లకి ఇది పనికొస్తుంది. మీలాంటి ఒంటి కారు ఇంటికి కాదు.

మీ అంకెలతో చూద్దాం. ఎన్‌సీబీకి ముందు ఓన్ డ్యామేజ్ ప్రీమియం 8,000 అనుకుందాం. 50 శాతం పోతే 4,000. థర్డ్ పార్టీ 3,416. రెండూ కలిపి 7,416, దాని మీద 18 శాతం జీఎస్టీ వేస్తే 8,751 రూపాయలు. ఐఎంటీ 11తో ఆరు నెలలు నిలిపితే పన్ను ముందు లెక్కలో సగం అంటే 3,708. అందులోంచి ఫైర్, తెఫ్ట్ వాటా తీసేయాలి. మిగిలేది ఎంతో ఆఫీసు వాళ్లే లెక్కగట్టాలి, కానీ ఆ చిన్న మొత్తం కోసం ఆరు నెలలు థర్డ్ పార్టీ లేకుండా ఉండటం నాకైతే బేరంగా అనిపించదు.

మీరు మనసులో అనుకుంటున్న రెండో దారి, అంటే డిసెంబర్‌లో రెన్యువల్ చేయకుండా వదిలేసి ఏప్రిల్‌లో కొత్తగా తీసుకోవడం, ఇంకా ఖరీదైనది. వదిలేసేది నాలుగు నెలలు. ఆదా అయ్యేది 8,751లో మూడో వంతు, 2,917 రూపాయలు. పాలసీ గడువు ముగిసిన 90 రోజుల్లోగా రెన్యువల్ చేయకపోతే ఎన్‌సీబీ మొత్తం పోతుంది. డిసెంబర్ మధ్య నుంచి ఏప్రిల్ మధ్యకి ఆ 90 రోజులు దాటేస్తాయి. అప్పుడు మళ్లీ సున్నా నుంచి మొదలు: మొదటి ఏడాది బోనస్ లేదు, తర్వాత వరసగా 20, 25, 35, 45, చివరికి 50. అదే 8,000 మీద లెక్కేస్తే ఆ ఐదేళ్లు వరసగా 8,000, 6,400, 6,000, 5,200, 4,400 కట్టాలి. బోనస్ ఉంచుకుని ఉంటే ప్రతి ఏడాదీ 4,000 సరిపోయేది. తేడాలన్నీ కలిపితే 10,000, జీఎస్టీతో 11,800. బండి పాతబడే కొద్దీ ఐడీవీ (పాలసీలో రాసే బండి విలువ) తగ్గి అసలు ప్రీమియం కూడా కొంత తగ్గుతుంది కాబట్టి నిజమైన అంకె కాస్త తక్కువ ఉండొచ్చు. అయినా మూడు వేలు మిగుల్చుకోవడానికి అంతకు మూడు నాలుగు రెట్లు పోగొట్టుకోవడమే. ఇదీ ఐదేళ్లలో ఒక్క క్లెయిమ్ కూడా చేయకపోతేనే.

గడువు తప్పితే ఇంకో తలనొప్పి బ్రేక్-ఇన్ ఇన్‌స్పెక్షన్. ఒక్కరోజు తప్పినా ఓన్ డ్యామేజ్ తిరిగి ఇవ్వడానికి బండిని చూస్తామంటారు. ఇప్పుడు చాలావరకు ఫోన్‌లో లింకు పంపి వీడియో తీయమంటున్నారు. నాలుగు వైపులా, చాసిస్ నంబరు, ఓడోమీటర్, ఇంజిన్ స్టార్ట్ అయి ఉన్నప్పుడు డ్యాష్‌బోర్డ్. ఆరు నెలలు పడుకున్న కారు స్టార్ట్ కాకపోతే? దుమ్ములో గీతలు పాతవో కొత్తవో తేలకపోతే? ఆ డ్యామేజీలన్నీ రిపోర్టులో ఎక్కి, వాటికి తర్వాత క్లెయిమ్ రాదు. వెళ్లేముందు, మెరుస్తున్న కారుకి గడువులోపే రెన్యువల్ చేస్తే ఈ తతంగమే ఉండదు.

పాలసీ మధ్యలో రద్దు చేసుకుంటే? 2024 జూన్‌లో ఇన్సూరెన్స్ కంపెనీలని నియంత్రించే ఐఆర్‌డీఏఐ ఇచ్చిన మాస్టర్ సర్క్యులర్ తర్వాత, కారణం చెప్పక్కర్లేకుండా రద్దు చేసుకునే హక్కు పాలసీదారుకి ఉంది, ఆ ఏడాది క్లెయిమ్ లేకపోతే మిగిలిన కాలానికి దామాషా ప్రకారం డబ్బు వాపసు ఇవ్వాలి. అంతకుముందు ఆరు నెలలు వాడి రద్దు చేస్తే షార్ట్ పీరియడ్ స్కేల్ కింద 70 శాతం ప్రీమియం ఉంచుకునేవాళ్లు, కాబట్టి ఇది మంచి మార్పే. కానీ థర్డ్ పార్టీ దగ్గర మాత్రం బండి అమ్మేశారనో, టోటల్ లాస్ (రిపేరుకి పనికిరాకుండా పోవడం) అయిందనో, వేరే చోట ఇంకో పాలసీ ఉందనో చూపించకుండా కంపెనీలు రద్దు చేయవు, చేయకూడదు కూడా. 2018 సెప్టెంబర్ 1 తర్వాత కొన్న కొత్త కార్లకి సుప్రీంకోర్టు ఆదేశం మేరకు మూడేళ్ల థర్డ్ పార్టీ ఒకేసారి కట్టించారు, వాటికీ ఇదే వర్తిస్తుంది. లోన్ మీద ఉన్న బండి అయితే మీరు రద్దు చేద్దామన్నా అప్పు కాగితాల్లో కాంప్రహెన్సివ్ (ఓన్ డ్యామేజ్, థర్డ్ పార్టీ రెండూ కలిసిన పాలసీ) ఉంచాలని రాసే ఉంటుంది.

"అయితే ఓన్ డ్యామేజ్ తీసేసి థర్డ్ పార్టీ ఒక్కటే ఉంచుకుంటా, కారు తిరగదు కాబట్టి దెబ్బ తగలదు" అనేవాళ్లు ఎక్కువ. నేను గట్టిగా కాదనేది ఇక్కడే. తిరిగే కారుకి గుద్దుకునే భయం. నిలిచిన కారుకి నీళ్లు, నిప్పు, దొంగ, ఎలక. ఈ భయాలన్నీ ఓన్ డ్యామేజ్ వైపే ఉంటాయి, థర్డ్ పార్టీలో ఒక్కటీ లేదు. మీది విజయవాడ, వేరే ఉదాహరణ అక్కర్లేదు. 2024 సెప్టెంబర్ మొదట్లో బుడమేరు పొంగినప్పుడు సింగ్ నగర్, పాయకాపురం వైపు రోజుల తరబడి నీళ్లలో నానిన కార్లు ఇళ్ల ముందు, సెల్లార్లలో నిలిపినవే. ఎవరూ వాటిని నడపలేదు. కాంప్రహెన్సివ్ ఉన్నవాళ్లు క్లెయిమ్ వేసుకున్నారు. థర్డ్ పార్టీ మాత్రమే ఉన్నవాళ్లకి సర్వేయర్ రావాల్సిన పనే లేకపోయింది. 2020 అక్టోబర్‌లో హైదరాబాద్ సెల్లార్లలోనూ ఇదే జరిగింది. మీరు వెళ్లే అక్టోబర్, నవంబర్ నెలలు మన తీరానికి తుఫాన్ల కాలమని మీకు వేరే చెప్పాలా.

వరద సంగతి వచ్చింది కాబట్టి తాళం ఎవరి దగ్గర పెడతారో వాళ్లకి ఒక్క మాట నూరిపోయండి: నీళ్లు చక్రాల సగం దాకా వచ్చి వెళ్లాయంటే స్టార్ట్ చేయొద్దు. ఒక్కసారి సెల్ఫ్ కొట్టి చూద్దాం అనుకోవడం వల్ల సిలిండర్లలోకి చేరిన నీళ్లతో కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. వరద వల్ల వచ్చిన నష్టం వేరు, స్టార్ట్ చేయడం వల్ల వచ్చిన నష్టం వేరు. రెండోదానికి ఇంజిన్ ప్రొటెక్ట్ యాడ్-ఆన్ (అదనంగా కట్టి తీసుకునే ఇంజిన్ కవర్) లేకపోతే కంపెనీలు డబ్బు ఇవ్వవు. టో చేయించి వర్క్‌షాప్‌కి పంపాలి, అంతే. ఎలకలు వైరింగ్ కొరకడం గురించి మీ కంపెనీ ఏమంటుందో ఇప్పుడే ఈమెయిల్‌లో అడిగి జవాబు దాచుకోండి, ఒక్కో కంపెనీ ఒక్కోలా చూస్తుంది.

డబ్బు తగ్గించుకునే దారులు లేవని కాదు, కవరేజ్ తీసేయకుండా తగ్గించుకోవాలి. రెన్యువల్‌లో రోడ్‌సైడ్ అసిస్టెన్స్, కన్స్యూమబుల్స్ (రిపేరులో వాడే ఆయిల్, నట్లు బోల్టుల లాంటి వాటి ఖర్చు), తాళం పోతే ఇచ్చే కవర్ లాంటి యాడ్-ఆన్లు ఈ ఏడాదికి వదిలేయండి. సెల్లార్ పార్కింగ్ కాబట్టి ఇంజిన్ ప్రొటెక్ట్ మాత్రం ఉంచుకోండి. వాలంటరీ డిడక్టబుల్ ఉంది. క్లెయిమ్‌లో మొదటి 5,000 నేనే పెట్టుకుంటా అంటే పాత టారిఫ్ లెక్కలో ఓన్ డ్యామేజ్ ప్రీమియం మీద 25 శాతం, గరిష్టంగా 1,500 తగ్గేది. ఇప్పుడు కంపెనీని బట్టి అటూ ఇటూ ఉంటుంది. చిన్న గీతలకి క్లెయిమ్ వేసి ఎన్‌సీబీ పోగొట్టుకునే ఉద్దేశం ఎటూ లేనివాళ్లకి ఇది మంచి పద్ధతి. ఓనర్-డ్రైవర్‌కి 15 లక్షల పర్సనల్ యాక్సిడెంట్ కవర్ తప్పనిసరి అని ప్రతి పాలసీలో కలిపేస్తారు. మీకు అంతే మొత్తానికి వేరే యాక్సిడెంట్ పాలసీ ఉంటే ఆ విషయం డిక్లేర్ చేసి ఇక్కడ తీయించేయొచ్చు.

వీటన్నిటికంటే మీకు నప్పేది నా దృష్టిలో పే యాజ్ యు డ్రైవ్. 2022 జూలైలో ఐఆర్‌డీఏఐ దీన్ని యాడ్-ఆన్‌గా ఇవ్వడానికి కంపెనీలకి అనుమతి ఇచ్చింది. ఏడాదిలో ఇన్ని కిలోమీటర్లే తిరుగుతాను అని ముందే ఒక శ్లాబు ఎంచుకుంటే ఓన్ డ్యామేజ్ ప్రీమియం తగ్గిస్తారు. ఓడోమీటర్ ఫోటోనో, బండికి పెట్టే చిన్న పరికరమో, ఫోన్ యాపో దానికి సాక్ష్యం. నిలిపి ఉన్నా కవరేజ్ పూర్తిగా ఉంటుంది, థర్డ్ పార్టీ ఎటూ ఆగదు, ఎన్‌సీబీ కదలదు. ఆరు నెలలు ఆగే మీ కారు ఏడాది మొత్తానికి కలిపినా ఎన్నో కిలోమీటర్లు తిరగదు కాబట్టి చిన్న శ్లాబు సరిపోతుంది. అయితే శ్లాబు దాటితే ఏమవుతుందో ఆ కంపెనీ కాగితంలో తప్పకుండా చదవండి. కొందరు టాప్-అప్ కొనుక్కోమంటారు, కొందరు క్లెయిమ్‌లో కోత పెడతారు. 2020లో ఎడెల్వైస్ జనరల్ ఇన్సూరెన్స్ ఐఆర్‌డీఏఐ శాండ్‌బాక్స్ (కొత్త తరహా పాలసీలని ప్రయోగంగా నడిపి చూసే ఏర్పాటు) కింద స్విచ్ అనే పాలసీ తెచ్చింది. యాప్‌లో కారు కవరేజ్ ఆన్, ఆఫ్ చేసుకోవచ్చు, ఆఫ్‌లో ఉన్నా అగ్ని, దొంగతనం కవర్ నడుస్తూనే ఉంటుంది. మీరు అడిగిన ఆపడం అనే మాటకి మన దేశంలో అన్నిటికంటే దగ్గరగా వచ్చింది అదే. ఇప్పుడు ఆ తరహావి ఏ కంపెనీలో ఉన్నాయో రెన్యువల్ కోట్లు తీసుకునేటప్పుడు అడగండి. ఆన్, ఆఫ్ తరహా అయితే ఫోన్ మీ చేతిలో, కారు బావమరిది చేతిలో ఉంటుందని మాత్రం గుర్తుంచుకోండి. ఆయన తీసేముందు మీకు చెప్పాలి, అక్కడ మీకు అర్ధరాత్రి.

వెళ్లేముందు చేయాల్సినవి కొన్ని. రెన్యువల్ ఇక్కడ ఉండగానే చేసేయండి. చాలా కంపెనీలు గడువుకి నెలా రెండు నెలల ముందు నుంచే తీసుకుంటాయి, కొత్త పాలసీ పాతది ముగిసిన మర్నాడు మొదలవుతుంది. అక్కడికెళ్లి చేద్దామనుకుంటే ఓటీపీ ఇండియా నంబరుకి వస్తుంది, రోమింగ్ పెట్టించుకోవడం మర్చిపోతారు, గడువు దాటిపోతుంది. ఇలా ఎన్‌సీబీ పోగొట్టుకున్నవాళ్లని చాలామందిని చూశాను. కారు దొంగతనం అయితే కంపెనీ రెండు ఒరిజినల్ తాళాలూ అడుగుతుంది. ఒకటి హ్యాండ్‌బ్యాగ్‌లో అమెరికా తీసుకెళ్లకండి, రెండూ ఇక్కడే ఇద్దరు వేర్వేరు మనుషుల దగ్గర ఉంచండి. తాళం తీసుకునే వ్యక్తి లైసెన్సు గడువు చూసి ఫోటో పెట్టుకోండి. లైసెన్సు లేనివాడు ఆ ఒక్క రౌండు వేసినా ఓన్ డ్యామేజ్ క్లెయిమ్ పోతుంది. థర్డ్ పార్టీకి కంపెనీ కట్టినా తర్వాత మీ దగ్గర వసూలు చేసుకుంటుంది. ఆర్‌సీ, పాలసీ కాపీలు ఇంట్లో ఒకరికి వాట్సాప్‌లో పంపండి. ఏదైనా జరిగితే కంపెనీకి ఫోన్ చేసి క్లెయిమ్ నంబరు తీసుకోవాల్సింది అదే రోజు. "అంకుల్ ఊళ్లో లేరు, వచ్చాక చూసుకుంటారు" అని ఆపకూడదని చెప్పండి. కారు నాలుగు వైపులా, ఓడోమీటర్ కనిపించేలా ఫోటోలు తీసి తేదీతో దాచండి.

ఇదంతా ఆరు నెలలకి. రేపు అమ్మాయి "ఇంకో రెండేళ్లు ఇక్కడే ఉండండి నాన్నా" అంటే లెక్క మారుతుంది. ఏడేళ్ల కారుని రెండేళ్లు సెల్లార్‌లో ఉంచితే ప్రీమియం కంటే టైర్లు, బ్యాటరీ, తగ్గే రేటు ఎక్కువ తినేస్తాయి. అప్పుడు అమ్మేయడమే మంచిది. అమ్మాక బండి అమ్మినట్టు కాగితం చూపించి కంపెనీ దగ్గర ఎన్‌సీబీ రిజర్వింగ్ లెటర్ తీసుకోండి. ఎన్‌సీబీ మనిషిది, బండిది కాదు. ఆ లెటర్ మూడేళ్లు చెల్లుతుంది, ఆ లోపు వచ్చి ఏ కారు కొన్నా మీ 50 శాతం దాని ఓన్ డ్యామేజ్ ప్రీమియంలో తగ్గుతుంది.

మీ పాలసీ షెడ్యూల్‌లో ఓన్ డ్యామేజ్ ప్రీమియం, యాడ్-ఆన్లు విడివిడిగా రాసి ఉంటాయి. ఆ అంకెలు పెడితే ఏవి తీసేయొచ్చో, పే యాజ్ యు డ్రైవ్‌కి మారితే ఎంత తగ్గొచ్చో చూసి చెప్తాను. పేరు, పాలసీ నంబరు మాత్రం కొట్టేసి పెట్టండి.